పిల్లలు మూలం చదవకుండానే పాడ్‌కాస్ట్ చేసేస్తారా? మా బడి అనుభవం

మీ తొమ్మిదో తరగతి విద్యార్థులు పాత తెలుగు సాహిత్యం మీద పాడ్‌కాస్ట్ చేస్తామని ముందుకొచ్చారని, కానీ వాళ్లు పుస్తకం తెరవకుండా ఇంటర్నెట్‌లో దొరికిన సారాంశాన్నే మైకు ముందు అప్పజెబుతారేమోనని మీకు అనుమానంగా ఉందని రాశారు. ఆ అనుమానం సరైనదే. నేను చెన్నైలో, పెరంబూరు వైపున్న ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. రెండేళ్ల క్రితం పదకొండు మంది పిల్లలతో ఈ పని మొదలుపెట్టినప్పుడు మా మొదటి భాగంలో అచ్చంగా మీరు భయపడుతున్నదే జరిగింది.

ఆ భాగానికి వాళ్లు ఎంచుకున్నది కన్యాశుల్కం. నాటకాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించారని, 1897లో అచ్చయిందని, గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాసి 1909లో మళ్లీ వెలువరించారని పద్నాలుగు నిమిషాలపాటు చెప్పారు. ఒక్క సంవత్సరం కూడా తప్పు పోలేదు. కానీ గిరీశం మాట గాని మధురవాణి మాట గాని అందులో ఒక్కటి వినిపిస్తే ఒట్టు. తమ అమ్మానాన్నలు కూడా చివరిదాకా వినలేదని పిల్లలే నాతో అన్నారు. తప్పు నాదే. కన్యాశుల్కం మీద చేయండి అన్నానే తప్ప, అందులో ఎక్కడ, ఎంత, ఏ ప్రశ్నతో అన్నది నేను చెప్పలేదు. అంత పెద్ద నాటకాన్ని పద్నాలుగేళ్ల పిల్లల చేతిలో పెట్టి ఏదో ఒకటి చెప్పమంటే వాళ్లు సారాంశం కాక మరేం చెబుతారు?

రెండో భాగం నుంచి పద్ధతి మార్చాను. ఒక జట్టుకు ఒకే పద్యం, లేదా ఒకే పుట వచనం. దాన్ని పెద్ద అక్షరాలతో కాగితం మీద అచ్చు వేయించి ఇచ్చి, అర్థం కాని ప్రతి మాట కింద గీత గీయమన్నాను. ఆ గీతల్లోంచి తమకు నిజంగా తెలియని ప్రశ్న ఒకటి తేలేవరకు స్క్రిప్టు రాయకూడదన్నది షరతు. మాకు ఫలితమిచ్చింది ఇదొక్కటే. తక్కిన సలహాలన్నీ దీని తరవాతివి.

పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం నుంచి ‘లావొక్కింతయు లేదు’ పద్యం ఒక జట్టుకు ఇచ్చాను. అందరూ ఎక్కడో ఒకచోట విన్న పద్యమే కాబట్టి గీతలు పెద్దగా పడవనుకున్నాను. ఒక అమ్మాయి మొదటి మాట కిందే గీత గీసి, ‘మేడమ్, ఏనుగు లావుగా లేకపోవడమేమిటి?’ అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నేను వెంటనే అర్థం చెప్పేయబోయి, ఎందుకో ఆగాను. ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను అడిగి రమ్మన్నాను. మర్నాడు ఆ అమ్మాయి తన ఫోనులో వాళ్ల అమ్మమ్మ గొంతు రికార్డు చేసుకుని వచ్చింది. ఆవిడది నెల్లూరు వైపు. బడి చదువు ఐదో తరగతితో ఆగిపోయిందట. లావంటే బలమేనే పిచ్చిదానా అని, సుమతీ శతకంలోని ‘లావుగలవానికంటెను’ పద్యం గడగడా అప్పజెప్పి, కొండంత ఏనుగునైనా మావటివాడు ఎక్కి కూర్చోవడం లేదా, లావున్నవాడి కంటే నీతిపరుడే బలవంతుడని దానర్థం అని వివరించారు. లావు అనే మాటా, ఏనుగూ రెండూ ఉన్న ఇంకో పద్యం అంత తేలిగ్గా నాకు తట్టి ఉండేది కాదని ఒప్పుకోవాలి. ఆ నలభై సెకన్ల రికార్డును యథాతథంగా, వెనక వినిపించే కుక్కర్ ఈలతో సహా, మా రెండో భాగం మొదట్లో పెట్టాం. బలానికి వాడిన మాట ఒంటి కొవ్వుకు ఎలా మారిందన్నదే ఆ జట్టు ప్రశ్న అయింది.

పద్యాన్ని పైకి చదవడం దగ్గర మరో చిక్కు వచ్చింది. యతి అంటే ఆగవలసిన చోటని పిల్లలు ఎక్కడో చదివారు. సంస్కృతంలో అది నిజమే గాని తెలుగు పద్యంలో యతి అక్షరమైత్రికి సంబంధించిన నియమం. ఈ పద్యం శార్దూలమనే ఛందస్సులో ఉంది; ఇందులో మొదటి పాదంలో 13వ అక్షరం ‘లం’ మొదటి అక్షరం ‘లా’తో కలవడమే యతి, అది విలోలంబయ్యె అనే మాట నడిమధ్యలో పడుతుంది, అక్కడ ఆగితే మాట రెండు ముక్కలవుతుంది. పాదం చివర ఆగినా ముప్పే, ఎందుకంటే ‘ప్రాణంబులున్’ మొదటి పాదం చివర ఉంటే ‘ఠావుల్ దప్పెను’ రెండో పాదం మొదట్లో ఉంది. అర్థం ఎక్కడ తెగితే అక్కడ ఊపిరి తీసుకోమన్నాను. అలా చదివితే బలం లేదు, ధైర్యం చలించింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సింది, శ్రమ కలుగుతోంది అని రెండు పాదాల్లో ఆరు చిన్న వాక్యాలు, రొప్పుతున్న ప్రాణి మాటల్లా, వాటంతట అవే బయటికొచ్చాయి. ఆ ఆరింటిలో చివరిదొక్కటే ఇంకా జరుగుతున్నదని, ‘అయ్యెడిన్’ అన్న మాటను పట్టుకుని ఒక కుర్రాడు గమనించాడు. నేను ఇరవై ఏళ్లుగా ఆ పద్యం చెబుతున్నాను, ఎన్నడూ దాని వైపు చూడలేదు.

చెన్నైలోనో బెంగళూరులోనో పెరిగిన పిల్లలైతే ఇంకొకటి ముందుగానే చూసుకోండి. ఇంట్లో తెలుగు బాగానే మాట్లాడి, చదవడం దగ్గర తడబడేవాళ్లు స్క్రిప్టును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. మొదట్లో పోనీలే అని ఊరుకున్నాను. ‘డస్సెన్’ కాస్తా ‘దస్సెన్’ అయింది, ళకార ణకారాలు గల్లంతయ్యాయి, ఖ, ఘ లాంటి మహాప్రాణాల సంగతి సరేసరి. ఆ తరవాత నిదానమైనా సరే తెలుగు లిపిలోనే చదవాలన్నాను. నెల తిరిగేసరికి ఇద్దరు ముగ్గురికి చదవడంలో వేగం వచ్చింది.

రికార్డింగుకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. మేము మామూలు ఫోన్లతో, సబర్బన్ రైళ్ల చప్పుడుకు దూరంగా ఉన్న లైబ్రరీ గదిలో, ఫ్యాను ఆపి చేశాం. చెన్నై వేసవిలో ఫ్యాను లేకుండా ఇరవై నిమిషాలకు మించి ఎవరూ కూర్చోలేరు కాబట్టి సాధన అంతా ముందే అయిపోయేది. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంటే ప, భ అక్షరాల గాలి దెబ్బ తగలదు. ఎవరూ మాట్లాడకుండా పది సెకన్ల గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోండి. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్కను నమూనాగా చూపితే మిగతా రికార్డులోని హోరు చాలావరకు తగ్గుతుంది. ప్రతి భాగానికీ ముందు ఒక పెద్దాయన సందేశం, వెనక వీణ ఉండాలని పైనుంచి సూచన వచ్చింది. వీణకు ఒప్పుకుని సందేశాన్ని తప్పించుకున్నాను.

హక్కుల సంగతి మీరు అడగలేదు గాని తెలుసుకోవడం అవసరం. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. పోతనకు ఆ బెడద లేదు. 1905లో పోయిన భండారు అచ్చమాంబ కథలకు, 1915లో పోయిన గురజాడ రచనలకు కూడా లేదు. శ్రీశ్రీ 1983లో మరణించారు కాబట్టి ఆయన కవితలను హక్కుదారుల అనుమతి లేకుండా పూర్తిగా చదివి వినిపించడం 2043 చివరిదాకా కుదరదు. విమర్శలో భాగంగా నాలుగు పంక్తులు ఉటంకిస్తే ఇబ్బంది ఉండదు. మూలం పాతదే అయినా దానికి ఈనాటివాళ్లు రాసిన తాత్పర్యం వాళ్లదే అవుతుంది. సినిమా పద్యాల రికార్డులను మధ్యలో అతికించడం కూడా మానిపించండి. పిల్లల ఇంటిపేర్లు, తరగతి వివరాలు బయటపెట్టకండి, తల్లిదండ్రుల చేత సంతకం తీసుకోండి.

వచనంతో మొదలుపెట్టాలనుకుంటే 1910 నాటి గురజాడ కథ ‘దిద్దుబాటు’ ఇవ్వండి. మూసిన తలుపు దగ్గర పిలుపుతో, రాత్రి ఒంటిగంట కొట్టే గడియారంతో అది మొదలవుతుంది కాబట్టి శబ్దాలు కథలోనే సిద్ధంగా ఉన్నాయి. మావాళ్లు సైన్సు ల్యాబు తలుపును పదకొండు సార్లు కొట్టి రికార్డు చేశారు, ఆఖరిది బాగా వచ్చింది.

మార్కులు నేను ఆడియోకు వేయలేదు. గీతలు గీసిన కాగితానికి వేశాను, దాన్ని ఇంటర్నెట్‌లోంచి దించుకోవడం కుదరదు. ఒక్కో భాగం ఏడు నిమిషాలు, జట్టుకు ముగ్గురు, ఒక భాగానికి మూడు వారాలు. ఈ లెక్కన ఎనిమిది భాగాలు అనుకున్నాం, అర్ధసంవత్సర పరీక్షలు వచ్చేసరికి ఐదయ్యాయి. ఆరోదానికి గీతలు గీసిన కాగితం ఇంకా నా బీరువాలోనే ఉంది.