పెళ్లి వీడియోని డీవీడీ చేయడానికి తేలికైన సాఫ్ట్‌వేర్ ఏది?

అమలాపురంలో అమ్మమ్మగారి పాత డీవీడీ ప్లేయర్‌లో ఆడేలా, పెన్‌డ్రైవ్‌లో ఉన్న పెళ్లి వీడియోని ఇంటి కంప్యూటర్‌లోనే డిస్క్ చేయాలని అడిగారు కదా. ముందు ఒక మాట: ఎంపీ4 ఫైల్‌ని ఉన్నదున్నట్టు డిస్క్‌లోకి కాపీ చేస్తే పాత ప్లేయర్లు చాలావరకు దాన్ని చదవవు. వాటికి వీడియోని ఎంపెగ్-2 (డీవీడీలు వాడే వీడియో ఫార్మాట్) లోకి మార్చి, వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌లో పెట్టిన డిస్క్ కావాలి, ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ చేసే పని అదే.

నా ఓటు డీవీడీస్టైలర్‌కి. ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, వీడియోని లాగి వదిలితే చాలు, స్నాతకం, తలంబ్రాలు, అప్పగింతలు అని మెనూలో బటన్లు కూడా పెట్టుకోవచ్చు. మెనూ గొడవే వద్దనుకుంటే డీవీడీ ఫ్లిక్ ఇంకా తేలిక, కాకపోతే పాతది, విండోస్‌లో మాత్రమే. విండోస్ 7లో డీవీడీ మేకర్ అని ఒకటి ఉండేది, 8 నుంచి తీసేశారు, దాని కోసం వెతక్కండి.

సాఫ్ట్‌వేర్‌లో ఫార్మాట్ అడిగిన చోట పాల్ (PAL, మన దేశంలో వాడే టీవీ పద్ధతి) అని పెట్టండి. మామూలు డిస్క్ 4.7 జీబీ, బొమ్మ బాగుండాలంటే రెండు గంటలకు మించి ఎక్కించొద్దు (మన గోదావరి పెళ్లి వీడియో రెండు గంటల్లో ఎక్కడ అవుతుంది లెండి, రెండు డిస్కులు చేసుకోండి).

నేరుగా డిస్క్ మీదికి బర్న్ చేయకుండా (అంటే రాయకుండా) ముందు ఐఎస్ఓ ఫైల్‌గా (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌లో) సేవ్ చేసి, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో చూసుకోండి. మార్పిడికి గంటలు పట్టొచ్చు, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికే, అందుకే నేను రాత్రి పెట్టి పడుకుంటాను. బర్నింగ్ స్పీడ్ 4ఎక్స్ చాలు.