ఆగాకర పాదుకి పిందె నిలవట్లేదా?

ప్రశ్న: మేడ మీద డ్రమ్ములో ఆగాకర విత్తనాలు వేశానండి, పాదు పందిరంతా అల్లుకుంది, పసుపు పువ్వులు బోలెడు పూస్తున్నాయి కానీ ఒక్క కాయా లేదు. ఎరువు తక్కువైందా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఎరువు తప్పేం కాదమ్మా. ఆనప, గుమ్మడిలో ఒకే పాదుకి ఆడ, మగ పువ్వులు రెండూ వస్తాయి కదా, ఆగాకరలో అలా కాదు, మగ పాదు వేరు ఆడ పాదు వేరు. మీ పువ్వు కింద చూడండి, ముళ్ళముళ్ళగా బుల్లి కాయలాంటిది ఉంటే ఆడది, ఉత్త కాడే ఉంటే మగది. విత్తనంతో వచ్చే చిక్కే ఇది, పూసేదాకా ఏదో తెలీదు, అందుకే నేనైతే దుంపలే వేయమంటాను. ఎనిమిది, పది ఆడ పాదులకి ఒక్క మగ పాదు చాలు.

పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, అప్పుడు మగపువ్వు తెంపి రేకులు తీసేసి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి, మేడ మీద గాలికి పురుగులు సరిగ్గా రావు కాబట్టి ఈ పని మనమే చేయాలి. చలికాలంలో తీగ ఎండిపోతే పీకేయకండి, లోపల దుంప బతికే ఉంటుంది, వానలకి మళ్ళీ లేస్తుంది.