ఫొటో సందేహాలు: ముందు ఏరండి, తర్వాత దిద్దండి

ప్రశ్న (మిర్యాలగూడ): మైలపోలు నుంచి అప్పగింతల దాకా ఒక్కో పెండ్లికి మూడు వేల రా ఫొటోలు తీస్తున్న. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఒక్కోటి తేటపడేందుకే ఐదారు సెకన్లు పడుతున్నది. ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్, ఫొటోలన్నీ బయటి హార్డ్ డిస్క్‌లో. సాఫ్ట్‌వేర్ మార్చాలెనా సార్?

జవాబు: మార్చినా ఆ ఐదు సెకన్లు మీ వెంటే వస్తాయి. రా ఫైలంటే కెమెరా సెన్సార్ పట్టిన ముడి లెక్కలు. తెరిచినప్పుడల్లా వాటి నుంచి బొమ్మను కొత్తగా కట్టాలి, ఆలస్యం అక్కడే. ఏరడానికి అంత పని అక్కర్లేదు. రా ఫైలు లోపలే కెమెరా తయారుచేసిన జేపెగ్ ఒకటి ఉంటుంది. ఇంపోర్ట్ చేసేటప్పుడు బిల్డ్ ప్రివ్యూస్ దగ్గర ‘ఎంబెడెడ్ అండ్ సైడ్‌కార్’ ఎంచుకుంటే లైట్‌రూమ్ దాన్నే చూపిస్తుంది. లైబ్రరీలో క్యాప్స్ లాక్ వేసి, నచ్చితే పి, వద్దంటే ఎక్స్ నొక్కుతూ పోండి. తర్వాతి ఫొటో దానంతటదే వస్తుంది. ఏరడం పూర్తయ్యేదాకా దిద్దే విభాగమైన డెవలప్‌లోకి అడుగు పెట్టొద్దు.

ఏరిన నాలుగైదు వందలకే స్మార్ట్ ప్రివ్యూలు, అంటే చిన్న కాపీలు, కట్టించండి. ప్రిఫరెన్సెస్‌లో పర్ఫార్మెన్స్ కింద, ఎడిటింగ్‌కు అసలు ఫైళ్ల బదులు వీటిని వాడమనే గడిలో టిక్ పెట్టండి. పొడవు వైపు 2560 పిక్సెల్స్ మాత్రమే కాబట్టి మీ ల్యాప్‌టాప్ కూడా లాగుతుంది. నాయిస్, షార్ప్‌నెస్ చూసుకునేటప్పుడు మాత్రం ఆ టిక్ తీసేయాలి. ఇంకో చిక్కుంది: హార్డ్ డిస్క్ పీకేసి ఎక్స్‌పోర్ట్ కొడితే ఈ చిన్న కాపీయే బయటికొస్తుంది. 12×36 ఆల్బమ్ షీటుకు 300 డీపీఐ లెక్కన 10,800×3,600 పిక్సెల్స్ కావాలి. 2560 అంటే ఎనిమిదిన్నర అంగుళాలే. ఫోన్‌లో తేడా తెలియదు, ఆల్బమ్ చేతికొచ్చాక తెలుస్తుంది.

దిద్దేటప్పుడు ఫొటోలను వెలుగు ప్రకారం గుంపులు చేయండి: మైలపోలు, మండపం, భోజనాలు, బరాత్. గుంపుకొకటి సరిచేసి, మిగతావి కూడా సెలెక్ట్ చేసి, అవే మార్పులు వాటికీ పట్టేలా కంట్రోల్-షిఫ్ట్-ఎస్ నొక్కండి. అప్పుడు వచ్చే పెట్టెలో క్రాప్, మాస్కింగ్ టిక్‌లు తీసేయాలి, లేకుంటే ఒకచోట వేసిన బ్రష్ ఇంకోచోట పడుతుంది. మైలపోలులో ఫ్రేమంతా పసుపే కనుక ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని తగ్గించబోయి ఒంటి రంగును నీలం వైపు తోస్తుంది. వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌ను పసుపు అంటని తెల్లబట్ట మీద పెట్టండి. తలంబ్రాల మీద పెట్టేవారూ ఉన్నారు. అవి పసుపు కలిపిన బియ్యం కదా!

డబ్బు పెట్టగలిగితే ర్యామ్ 16 జీబీ చేయించండి, క్యాటలాగ్‌ను (లైట్‌రూమ్ మీ మార్పులు రాసుకునే ఫైలు) ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌డీ మీద ఉంచండి.

ప్రశ్న (మహబూబ్‌నగర్): సరదాకు తీస్త, నికాన్ కెమెరా. ఉచితంగ దొరికేదేదన్న చెప్పండి. పిల్లలమర్రి కింద తీస్తే కొమ్మల సందుల్ల ఆకాశం తెల్లగ పేలిపోతున్నది.

జవాబు: నికాన్ ఇచ్చే ఎన్‌ఎక్స్ స్టూడియో ఉచితమే, కెమెరా రంగులు యథాతథంగా వస్తాయి. నేర్చుకునే ఓపిక ఉంటే డార్క్‌టేబుల్, అదీ ఉచితమే. అందులో మొదట ఎక్స్‌పోజర్, కలర్ కాలిబ్రేషన్, సిగ్మాయిడ్ మూడే పట్టుకోండి. సిగ్మాయిడ్ వాడితే ఫిల్మిక్ ఆపేయాలి, రెండూ చేసేది ఒకే పని: వెలుగునీడలను తెరకు సరిపోయేలా సర్దడం. ఎన్‌ఎక్స్ స్టూడియోలో చేసిన మార్పులు డార్క్‌టేబుల్‌లో కనిపించవు కాబట్టి అటూ ఇటూ తిరగొద్దు.

పేలిన ఆకాశాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. 14 బిట్ల రా ఫైలులో రంగుకు 16,384 మెట్లుంటాయి, జేపెగ్‌లో 256. అందుకే నీడను పైకి లేపొచ్చు గానీ నిండిపోయిన తెలుపులో లేపడానికి ఏమీ మిగలదు. ఆకాశానికి ఎక్స్‌పోజర్ సరిపెట్టి, ఊడలు నల్లగా వచ్చినా కంగారు పడకుండా, ఇంటికొచ్చాక డార్క్‌టేబుల్‌లోని టోన్ ఈక్వలైజర్‌తో లేపండి.

ప్రశ్న (సూర్యాపేట): కొత్త కెనాన్ కెమెరా రా ఫైళ్లు (సీఆర్3) నా పాత లైట్‌రూమ్ 6ల తెరుచుకోవట్లేదు.

జవాబు: అడోబ్ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితం. దాంతో డీఎన్‌జీగా (అడోబ్ రా ఫైలు రకం) మార్చి ఇంపోర్ట్ చేయండి. సీఆర్3లను చెరిపేయొద్దు.

ప్రశ్న (పోచంపల్లి): ఆన్‌లైన్ల పెట్టేందుకు ఇక్కత్ చీరలు తీస్తున్నం. ఎంత షార్ప్ చేసినా డిజైన్ అంచులు మసకగనే ఉంటున్నయి. ఎర్రచీరైతే రంగు ముద్దలెక్క వస్తున్నది.

జవాబు: షార్ప్‌నెస్ వెనక్కి తీసుకోండి. నూలును ముందే కట్టి రంగులద్ది నేస్తారు కనుక ఇక్కత్ అంచు పుట్టుకతోనే కాస్త చెదిరి ఉంటుంది. ఫోకస్ సరిగ్గా ఉందా అని దారం పోగుల మీద 100 శాతం జూమ్‌లో చూడండి, డిజైన్ అంచు మీద చూడొద్దు. ఎరుపు ముద్ద కట్టడమంటే రెడ్ చానల్ నిండిపోవడం. హిస్టోగ్రామ్‌లో (వెలుగుల గ్రాఫ్) ఎరుపు కుడిగోడకు తగులుతుంటే ప్రొఫైల్‌ను వివిడ్ నుంచి న్యూట్రల్‌కు మార్చి, ఎరుపు శాచురేషన్ కొంచెం తగ్గించండి. నేత గీతలు మళ్లీ కనిపిస్తాయి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీనే ఎంచుకోండి. అడోబ్ ఆర్‌జీబీలో పంపితే చాలా ఫోన్లలో అదే చీర వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.