బేస్‌మెంటులో గ్యాస్ హీటరు: ముందు పొగ దారి తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ: క్లీవ్‌లాండ్ దగ్గర పాత ఇల్లు కొన్నారు. బేస్‌మెంటు గది చల్లగా ఉంటోంది. డిసెంబరులో గుంటూరు నుంచి మీ అమ్మగారూ నాన్నగారూ వచ్చి అందులోనే ఉంటారు. అందుకని గంటకు 20,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వెంట్‌ఫ్రీ గ్యాస్ హీటరు, అంటే పొగను బయటికి పంపే గొట్టం లేనిది, గోడకు బిగించవచ్చా, లేక వెంటు ఉన్నదే కావాలా, కావాలంటే ఆ గొట్టం ఎలా వేయించాలి అని అడిగారు.

వెంట్‌ఫ్రీ వద్దు. మనుషులు పడుకునే గదిలో అసలే వద్దు. డెట్రాయిట్ శివార్లలోని మా ఇంట్లో కూడా మా అత్తయ్యగారి కోసం బేస్‌మెంటు గదికి గ్యాస్ హీటరు పెట్టించాము. మొదట వచ్చిన కాంట్రాక్టరు వెంట్‌ఫ్రీయే చవక అన్నాడు. వేడి ఒక్క పిసరు కూడా బయటికి పోదన్నాడు. ఆ మాట నిజమే, కానీ వేడితో పాటు మంట నుంచి వచ్చేదంతా గదిలోనే ఉండిపోతుంది. సహజవాయువు చక్కగా మండినా కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి పుడతాయి. 20,000 బీటీయూల హీటరు రాత్రి 8 గంటలు ఆగకుండా మండితే 6 లీటర్లకు పైగా నీరు ఆవిరిగా గదిలోకి చేరుతుంది. చల్లని బేస్‌మెంటు గోడల మీద అదే చెమ్మగా దిగి బూజు పడుతుంది. గాలి చాలక మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

ఈ హీటర్లలో ప్రాణవాయువు తగ్గితే మంటను ఆర్పే సెన్సారు ఉంటుంది. గాలిలో ప్రాణవాయువు సుమారు 18 శాతానికి పడిపోతే అది పనిచేస్తుంది. అయితే అది కార్బన్ మోనాక్సైడును కొలవదు. ఎన్‌ఎఫ్‌పీఏ 54 అనే జాతీయ గ్యాస్ నియమావళి ప్రకారం పడకగదిలో వెంటు లేని హీటరు 10,000 బీటీయూలు మించకూడదు. మీరు చూసినది దానికి రెట్టింపు. పైగా ప్రతి 1,000 బీటీయూలకు 50 ఘనపుటడుగుల చోటు ఉండాలని లెక్క. అంటే మీ హీటరుకు 1,000 ఘనపుటడుగులు కావాలి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల ఎత్తు ఉన్న గది తలుపు వేస్తే 900 మాత్రమే. కాలిఫోర్నియాలో ఇళ్లలో వీటిని వాడటానికే వీల్లేదు.

మీకు సరిపోయేది డైరెక్ట్ వెంట్ హీటరు. మంటకు కావలసిన గాలిని బయటి నుంచే తీసుకుని, పొగను బయటికే పంపుతుంది. మండే పెట్టె పూర్తిగా మూసి ఉంటుంది కాబట్టి గదిలోని గాలితో దానికి సంబంధం లేదు. బేస్‌మెంటు గోడలో ఎక్కువ భాగం నేల కిందే ఉంటుంది కనుక, బయట గొట్టాన్ని పైకి తీసుకెళ్లే స్నార్కెల్ కిట్ కావాలి. మీరు కొనే మోడల్‌కు ఆ తయారీదారే ఇచ్చే కిట్ ఉందో లేదో ముందే చూసుకోండి. వేరే కంపెనీ గొట్టాన్ని అతికించడానికి ఒప్పుకోకండి.

బయట గొట్టం చివర నేల నుంచి కనీసం 12 అంగుళాల ఎత్తున ఉండాలి. ఇది నియమం చెప్పే కనీసం మాత్రమే. మీ వైపు ఏరీ సరస్సు మీదుగా వచ్చే మంచు ఒక్క రాత్రిలో అంతకు మించి పడగలదు. మేము మామూలుగా మంచు పేరుకునే ఎత్తు చూసుకుని, దానికి పైన పెట్టించాము. అయినా పెద్ద మంచు పడిన ప్రతిసారీ పారతో ముందు అక్కడే శుభ్రం చేస్తాను, కారు దారి తరువాత. 10,000 నుంచి 50,000 బీటీయూల డైరెక్ట్ వెంట్ అయితే తెరుచుకునే కిటికీకి, తలుపుకు కనీసం 9 అంగుళాల దూరం ఉండాలి. హీటరు మాన్యువల్ అంతకంటే ఎక్కువ అడిగితే మాన్యువల్ మాటే చెల్లుతుంది.

ఇక మీరు అడగనిది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒకటి చెప్పాలి. పాత యజమాని ఫర్నేసు (ఇల్లంతా వేడిచేసే యంత్రం) మార్చి, కొత్తదానికి తెల్లని ప్లాస్టిక్ గొట్టం గోడలోంచి వేయించాడని రాశారు. మరి వాటర్ హీటరు? అది ఇప్పటికీ పాత ఇటుక చిమ్నీలోకే పొగ వదులుతోందా? ఇదివరకు ఫర్నేసు, వాటర్ హీటరు కలిసి ఆ చిమ్నీని వేడిగా ఉంచేవి. ఇప్పుడు చిన్న వాటర్ హీటరు ఒక్కటే మిగిలింది. అంత పెద్ద చిమ్నీని అది వేడి చేయలేదు. పొగ దారిలోనే చల్లబడి, లోపల నీరు పట్టి, ఇటుకల మధ్య సున్నం తినేస్తుంది. బయట చలి ఎక్కువైన రోజు పొగ పైకి లేవక కిందికే దిగవచ్చు.

దానికి మన వంటిల్లు తోడవుతుంది. తాలింపు ఘాటు పోవాలని మనవాళ్లు పొయ్యి మీద పెద్ద హుడ్ పెట్టించుకుంటారు. మా ఇంట్లోదీ అంతే. అది నిమిషానికి వందల ఘనపుటడుగుల గాలిని బయటికి తోసేస్తుంది. అంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి. తలుపులు, కిటికీలు బిగించి ఉంటే దానికి దొరికే తేలిక దారి చిమ్నీయే. అప్పుడు వాటర్ హీటరు పొగ వెనక్కి తిరిగి ఇంట్లోకి వస్తుంది. మా ఊరి ఇన్‌స్పెక్టరు దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించారు. కిటికీలన్నీ మూయించి, హుడ్, స్నానాల గది ఫ్యాన్లు, బట్టల డ్రయ్యరు అన్నీ వేయించి, వాటర్ హీటరు వెలిగించారు. కాసేపాగి దాని నెత్తిన గొట్టం మొదలయ్యే చోట పొగపుల్ల పట్టుకుంటే, లోపలికి పీల్చుకోవలసిన పొగ మా ముఖాల మీదికి వచ్చింది. కొత్త హీటరు మాట పక్కన పెట్టి, ముందు చిమ్నీ లోపల స్టీలు లైనరు (సన్నని పొగ గొట్టం) వేయించాము. హుడ్ వేసినప్పుడు బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా చేయించాము. అమెరికా గృహ నిర్మాణ నియమావళిలో, ఇలాంటి చిమ్నీ ఉన్న ఇంట్లో హుడ్ 400 సీఎఫ్‌ఎం (నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి) దాటితే ఆ ఏర్పాటు తప్పనిసరి. మీరు కూడా హీటరు కొనకముందే ఈ పరీక్ష చేయించండి.

గ్యాస్ లైను పని లైసెన్సు ఉన్నవారికే ఇవ్వండి, నగర కార్యాలయంలో పర్మిట్ తీసుకోండి. పర్మిట్ లేకుండా సగం ధరకే చేస్తామనేవాళ్లు దొరుకుతారు, వద్దు. ఇప్పటికే పొయ్యికి, డ్రయ్యరుకు వెళ్లే పైపు ఇంకో హీటరు భారం మోయగలదో లేదో లెక్క కట్టమనండి. హీటరు పక్కనే చేతికి అందేలా వాల్వు ఉండాలి. పని అయ్యాక ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు పూసి, బుడగలు రావడం లేదని మీ ఎదుటే చూపించమనండి.

కార్బన్ మోనాక్సైడు అలారం ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా పెట్టండి. మీ విషయంలో ఆ గది లోపల కూడా ఒకటి పెట్టమంటాను. ఎందుకంటే మామూలు అలారం 70 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 70 భాగాలు) దగ్గర మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు పట్టవచ్చు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పెద్దవాళ్లు తలనొప్పి, వికారం, నీరసం అంటే మనం ప్రయాణం బడలిక అనుకుంటాము. ఈ విషవాయువు లక్షణాలూ అవే. బయటికి వెళ్తే తగ్గి, ఇంట్లోకి రాగానే మళ్లీ మొదలైతే, ఇద్దరికీ ఒకేసారి వస్తే, నిద్ర చాలలేదని సర్దిచెప్పకండి. అలారం మోగితే కోటు కోసం కూడా ఆగకుండా బయటికి రావాలని, బయటి నుంచే 911కు ఫోను చేయాలని అమ్మగారికీ నాన్నగారికీ వచ్చిన రోజే చెప్పండి. అలారానికీ కాలపరిమితి ఉంటుంది, వెనక ముద్రించిన తేదీ చూడండి.

గ్యాసే కావాలన్న పట్టుదల లేకపోతే మినీ స్ప్లిట్ హీట్ పంపు (కరెంటుతో నడిచే, స్ప్లిట్ ఏసీ లాంటిది) ధర కూడా కనుక్కోండి. గదిలో మంట ఉండదు, ఎండాకాలం చల్లగానూ ఉంచుతుంది. మేము కరెంటు ప్యానెల్‌లో చోటు లేక గ్యాసుకు వెళ్లాము.

వాటర్ హీటరు పైభాగం, దాని గొట్టం చిమ్నీలో కలిసే చోటు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. తుప్పు మరకలు గానీ, మూత చుట్టూ కరిగిన ప్లాస్టిక్ గానీ కనిపిస్తే పొగ ఇప్పటికే వెనక్కి వస్తోందన్నమాట. అలా ఉంటే ఫొటో పెట్టి జవాబు కోసం చూడకుండా, ఈ రోజే వాటర్ హీటరు ఆపి ప్లంబరును పిలవండి.