సెవిల్‌కా, మాల్టాకా అన్నది తర్వాత... ముందు ఆ లోన్ సంగతి

ప్రశ్న: మాది హైదరాబాద్, ఇద్దరం ఐటీలోనే. చేతికి నెలకు 1.45 లక్షలు వస్తాయి. ఇంటి లోన్, కారు లోన్ కలిపి ఈఎంఐలు 62 వేలు, ఇంటి ఖర్చులు ఇంకో 45 వేలు. బాబుకి మూడున్నరేళ్లు. 1.2 లక్షల ఎఫ్‌డీ ఉంది, ఏటా 60 వేల దాకా బోనస్ వస్తుంది. ఈ డిసెంబర్ ఆఖరి వారంలో యూరప్‌లో చలి మరీ ఎక్కువ లేని ఊరికి ఎనిమిది రోజులు వెళ్దామనుకుంటున్నాం. సెవిల్, లిస్బన్, మాల్టాల్లో ఏది మంచిది? బ్యాంక్ యాప్‌లో 5 లక్షల పర్సనల్ లోన్ రెడీగా ఉంది, 14 శాతం, మూడేళ్లు. తీసుకోవచ్చా?

జవాబు: ఊరి గురించి అడిగారు కాబట్టి అది ముందే చెప్పేస్తాను. స్పెయిన్‌లోని సెవిల్. నడి చలికాలంలో కూడా మధ్యాహ్నం 16 డిగ్రీల దాకా ఉంటుంది, ఊరంతా చదును కాబట్టి పిల్లాడితో నడవడం సులువు, వీధి పొడవునా నారింజ చెట్లు కాయలతో వేలాడుతుంటాయి (నోరూరి కోసుకోకండి, అవి చేదు నారింజలు, మార్మలేడ్ అనే జామ్‌కి తప్ప పెద్దగా పనికిరావు). రాత్రికి ఆరేడు డిగ్రీలకు పడిపోతుంది, స్వెటర్లు తప్పవు. లిస్బన్‌లో వానలు పడేదే చలికాలంలో, పైగా అన్నీ ఎత్తుపల్లాలు. మాల్టా బాగానే ఉంటుంది, గాలి ఎక్కువ.

ఇక లోన్. వద్దు.

ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అన్నిట్లోనూ ఊరి పేర్లు పైన ఉంటాయి, లోన్ మాట ఆఖరి లైన్లో నక్కి ఉంటుంది. 5 లక్షలు 14 శాతానికి మూడేళ్లంటే నెలకు సుమారు 17,090 ఈఎంఐ, మొత్తం కట్టేది 6.15 లక్షలు. ఎనిమిది రోజుల ట్రిప్‌కి 36 నెలలు కడతారన్నమాట. వడ్డీ పోతే పోయింది, నన్ను భయపెట్టేది మీ 1.2 లక్షల ఎఫ్‌డీ. మీ నెల ఖర్చు 1.07 లక్షలు. జీతాలు చెరిసగం అనుకుందాం. ఒకరి ఉద్యోగం పోతే నెలకు దాదాపు 35 వేలు తక్కువ పడుతుంది, మీ ఎఫ్‌డీ మూడున్నర నెలలు లాగుతుంది. ట్రిప్ ఈఎంఐ కూడా ఉంటే రెండు నెలలు దాటగానే ఖాళీ. ఇద్దరూ ఒకే రంగంలో ఉన్నారు, ఆ రంగం ఎలా ఉందో నాకంటే మీకే బాగా తెలుసు.

నా దగ్గరికి వచ్చిన ఒకాయనకి స్విట్జర్లాండ్ నుంచి దిగిన మూడో వారంలో ప్రాజెక్ట్ పోయింది. ట్రిప్ ఈఎంఐలు ఇంకా 34 ఉన్నాయి. ఇంట్లో గాజులు తాకట్టు పెట్టి కట్టుకుంటూ వచ్చారు.

ఇంకో విషయం, వీసాకి బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. నిన్నటిదాకా ముప్పై నలభై వేలు ఆడుతున్న ఖాతాలో ఒక్కరోజే 5 లక్షలు ఊడిపడితే ఎక్కడివని అడగరా? వాళ్లు చూసేదీ నేను అడిగేదీ ఒకటే: మీ దగ్గర నిజంగా డబ్బుందా, లేక ఉన్నట్టు కనిపిస్తోందా? అలాగే 30,000 యూరోల మెడికల్ కవర్ లేకపోతే షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చేది) రాదు కాబట్టి నోరెత్తకుండా ఆ పాలసీ కొంటారు. అంటే మన డబ్బులో సుమారు 30 లక్షలు. మరి మిగతా 357 రోజులు హైదరాబాద్‌లో ముగ్గురికీ ఎంత కవర్ ఉంది? ఆఫీసు ఇచ్చిందేనా? ఉద్యోగంతోపాటు అదీ పోతుంది. ఉత్తరంలో దాని ఊసే లేదు.

కాగితం మీద మీకు నెలకు 38 వేలు మిగలాలి. మిగులుతుంటే ఎఫ్‌డీ 1.2 లక్షల దగ్గరే ఎందుకు ఆగిపోయింది? ముందు ఆ లీకేజీ ఎక్కడో ఇద్దరూ కూర్చుని చూడండి, స్విగ్గీ బిల్లుల నుంచి మొదలుపెట్టండి. తర్వాత, బ్యాంకుకి కట్టడానికి సిద్ధపడిన ఆ 17 వేలు ఈ నెల నుంచే ట్రిప్ పేరుతో ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి, మిగతా 21 వేలు అత్యవసర నిధికి. ఈ డిసెంబర్ వదిలేసి, వచ్చే సంక్రాంతి కాక ఆపై సంక్రాంతి పెట్టుకోండి, ఇంకా 20 నెలలుంది. అప్పటికి రెండు బోనస్‌లతో కలిపి ట్రిప్‌కి 4.6 లక్షలు, ఇప్పుడున్న ఎఫ్‌డీతో కలిపి అత్యవసర నిధి 5.4 లక్షలు, అంటే ఐదు నెలల ఖర్చు. నేనైతే ఆరు నెలలకి 6.4 లక్షలు ఉండాలంటాను, ఆ లక్ష లోటు ట్రిప్ నుంచి తిరిగొచ్చాక నింపండి.

క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకుందామా అని మళ్లీ రాయకండి, అదీ అప్పే. అక్కడ కార్డు గీకేటప్పుడు మిషన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి. ప్యాకేజీ టూర్ అయితే టీసీఎస్ (టూర్ కంపెనీ ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, రిటర్నుల్లో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కున్నట్టే.

డిసెంబర్ ఆఖరి వారం అన్నిచోట్లా టికెట్లు మండిపోతుంటాయి. స్పెయిన్‌లో క్రిస్మస్ పండగ సందడి జనవరి 6 దాకా సాగుతుంది, అది అయ్యాక హోటళ్లు దిగుతాయి, షాపుల్లో తగ్గింపు అమ్మకాలు మొదలవుతాయి. మనకి సంక్రాంతి సెలవులు సరిగ్గా అప్పుడే. బాబుకి అప్పటికి ఐదేళ్లు దాటినా ఆరు నిండవు కాబట్టి వాడికి వీసా ఫీజు కూడా ఉండదు, మీ ఇద్దరికే మనిషికి 90 యూరోలు.