ఆదివారం సాయంత్రం దిగులు

ప్రశ్న: వారమంతా ఎదురుచూసిన శని, ఆదివారాలు ఫోన్‌లోనే కరిగిపోతున్నాయి. ఆదివారం పొద్దుగూకేసరికి దిగులు. "ఇంట్లో ఉన్నా లేనట్టే" అని మా ఆవిడ గొడవ. ఏం చేయాలి?

జవాబు: దీన్ని బద్ధకం కింద జమకట్టకండి. గడుస్తున్న కాలాన్ని మనసు ఒకలా కొలుస్తుంది, గడిచిపోయాక తలచుకుంటే ఇంకోలా. రకరకాల అనుభవాలతో నిండిన సమయం ఇట్టే గడిచినా, తర్వాత తలచుకుంటే పెద్దదిగా తోస్తుందని అమెరికన్ మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశాడు. ఖాళీ సమయం సంగతి దీనికి తలకిందులు. ఫోన్ మాత్రం రెండువిధాలా దెబ్బకొడుతుంది. చూస్తుంటే గంట తెలియదు, తర్వాత గుర్తుండేదీ లేదు. అదే సోఫా, అదే తెర; నలభయ్యో వీడియోకూ నాలుగోదానికీ తేడా చెప్పే ఆనవాలే ఉండదు.

పైగా దానికి చివరి పేజీ లేదు. కాబట్టి ఆగే చోటు మీరే పెట్టుకోవాలి. ముందు ఆటోప్లే, నోటిఫికేషన్లు ఆపేయండి. టైమ్ లిమిట్ కూడా పెట్టుకోవచ్చు గానీ, "ఇంకో పదిహేను నిమిషాలు" అని దాన్ని దాటేయడానికి ఒక్క నొక్కు చాలు. అలాగని ఆ లిమిట్‌కు పాస్‌కోడ్ పెట్టి మీ ఆవిడ చేతికివ్వకండి, ఆమెను కాపలాదారును చేసినట్టవుతుంది. ఛార్జర్‌ను పడకగదిలోంచి తీసేయండి. నిద్ర లేవడానికి అలారం గడియారం కొనుక్కోండి.

సెలవు రోజు మూడు గంటలు ఆలస్యంగా లేస్తే ఆదివారం రాత్రి నిద్ర రాదు, మళ్లీ ఫోనే చేతికొస్తుంది. గంటకు మించి తేడా రానివ్వకండి.

శనివారం ఉదయం ఇద్దరూ కలిసి రెండు గంటలు బయటికి వెళ్లండి, ఇంతవరకూ నడవని వీధైనా సరే. రోజుకు ఇలాంటి పని ఒక్కటి చాలు. అయిదు పనులు పెట్టుకుంటే అదీ ఆఫీసే. ఎక్కడికన్నది శుక్రవారం భోజనాల దగ్గర ఆమెనే అడగండి. గొడవను ఆదివారం సాయంత్రం మాత్రం తేల్చుకోబోకండి, అప్పటికి ఇద్దరూ అలసిపోయి ఉంటారు.

ఆమె గోల గంటల లెక్క గురించి కాకపోవచ్చు. తను మాట్లాడుతుంటే తెర మీంచి కళ్లెత్తకుండా మీరు "ఊఁ" అనడం గురించి కావచ్చు. అప్పుడు ఫోన్ బోర్లించి పెట్టినా చాలదు, పక్కగదిలో వదిలి రండి.

మొదటి రెండు వారాలు చేతులు ఊరుకోవు, విసుగూ వస్తుంది. అది మామూలే. కానీ ఫోన్ పక్కన పెట్టినా దిగులు పోక, ఏ పని మీదా మనసు నిలవక, నిద్ర చెడి రెండు వారాలు దాటితే సైకాలజిస్టును కలవండి.