తుఫాను తినేసిన దీవికి సముద్రంలోంచి ఇసుక తోడి పోయడం డబ్బు దండగ కాదా?

కాదు. ఈ ప్రశ్న అడిగేవాళ్లు దాదాపు అందరూ "ఎలాగూ వచ్చే హరికేన్‌కి కొట్టుకుపోతుందిగా" అన్న మాట దగ్గరే ఆగిపోతారు. అసలు ఆ దీవికి ఇసుక ఎందుకు కరువైందో మాత్రం అడగరు. నేను అమెరికా గల్ఫ్ తీరంలో సముద్రం లోతులు కొలిచే సర్వే పని చేస్తాను. మిసిసిపీ రాష్ట్రం ఎదురుగా ఉన్న షిప్ ఐలాండ్ దగ్గర పూడిక జరుగుతున్నప్పుడు కొంతకాలం ఆ పనిలో ఉన్నాను, కాబట్టి దాని గురించే చెప్తాను.

షిప్ ఐలాండ్ ఒకప్పుడు ఒకటే దీవి. 1969 ఆగస్టులో కెమిల్ హరికేన్ దాన్ని మధ్యలో తెంపేసింది, ఆ గండికి కెమిల్ కట్ అన్న పేరు అలాగే ఉండిపోయింది. అంతకుముందు కూడా ఈ దీవి తుఫానులకు తెగింది, కానీ తనంతట తనే మళ్లీ అతుక్కుంది. ఎందుకంటే ఇక్కడ అలలు ఏటవాలుగా తగిలి ఇసుకని తూర్పు నుంచి పడమరకి నెట్టుకుంటూ వస్తాయి. అలబామా వైపున్న డాఫిన్ ఐలాండ్ నుంచి పెటిట్ బోయా, హార్న్, షిప్ దాకా ఒకదాని ఇసుక ఇంకోదానికి అందుతూ ఉంటుంది. కెమిల్ తర్వాత మాత్రం గండి పూడలేదు. 2005 ఆగస్టు 29న వచ్చిన కత్రినా హరికేన్ దెబ్బకి అది సుమారు మూడున్నర మైళ్ల వెడల్పయింది, తూర్పు ముక్క దాదాపు నీళ్లలో కలిసిపోయింది.

ఎందుకు పూడలేదంటే, దారిలో మనం కాలువలు తవ్వాం కాబట్టి. అలబామాలోని మొబైల్ అనే ఊరి రేవుకీ, మిసిసిపీలోని పాస్కగూలా రేవుకీ పెద్ద ఓడలు రావాలని దీవుల మధ్య లోతుగా తవ్వారు. పడమరకి నడిచొచ్చే ఇసుక ఆ గోతిలో పడి ఆగిపోతుంది. ఓడలకి అడ్డమని మళ్లీ తవ్వుతారు. అలా తవ్వింది దశాబ్దాల పాటు చాలావరకు దూరంగా, లోతు నీళ్లలో పారబోశారు, అక్కడి నుంచి అలలు దాన్ని వెనక్కి తేలేవు. ఈ దీవులు కరగడానికి తుఫానుల కంటే, సముద్రమట్టం పెరగడం కంటే ఈ ఇసుక కరువే పెద్ద కారణమని అమెరికా భూగర్భ సర్వే వాళ్లు కూడా చెప్పారు. నేను కొలిచిన మేరకు నాకు అందులో అనుమానమే లేదు. అందుకే దీన్ని దానం అనో దండగ అనో అంటే నాకు ఒళ్లు మండుతుంది. దీవి దగ్గర నుంచి తీసుకున్నది దీవికి తిరిగి ఇస్తున్నాం, అంతే.

ఇక పని ఎలా ఉంటుందంటే, హాపర్ డ్రెడ్జర్ అనే ఓడ సముద్రం అడుగు నుంచి ఇసుకని పీల్చి తన పొట్టలో నింపుకుని వస్తుంది, దీవికి కాస్త దూరంలో పైపు తగిలించి నీళ్లతో కలిపి ఒడ్డుకి కొడుతుంది. పైపు లోపల గవ్వలు గలగలమని రాసుకుంటూ వచ్చే చప్పుడు చాలా దూరం వినపడుతుంది. పైపు మూతి దగ్గర బూడిదరంగు బురదలా పడుతుంటే బుల్‌డోజర్లు అటూ ఇటూ తిరుగుతూ సర్దుతాయి. పురుగులూ రొయ్యలూ దొరుకుతాయని పక్షులు ఆ మూతి మీదే ముసురుకుంటాయి, బుల్‌డోజర్ దగ్గరికొచ్చినా కదలవు.

ఒక చలికాలం ఉత్తరపు గాలి మొదలైంది. అక్కడ అలాంటి గాలి రెండు రోజులు వీచిందంటే దీవికీ నేలకీ మధ్య ఉన్న నీళ్లు కూడా రేగిపోయి దీవిని వెనక వైపు నుంచి కొడతాయి. గాలి తగ్గాక పడవేసుకుని వెళ్లి కొలిస్తే, డ్రాయింగులో గీసిన గీత లోపల ఉత్తరపు అంచున ఇసుక చాలా తక్కువ కనపడింది. ఆ సాయంత్రం మీటింగులో అందరికీ టెన్షన్. ఒక పెద్దాయన "ఇంత డబ్బు నీళ్లపాలు" అనేశాడు. మా పడవ నడిపేది మిసిసిపీ తీరంలోని బిలాక్సీలో పుట్టి పెరిగిన పాత రొయ్యల వేటగాడు. ఆయన మర్నాడు పొద్దున్నే నాతో, మీరు గీత లోపలే వెతుకుతున్నారు, పడమరగా పోనిద్దామా అన్నాడు. పోనిచ్చాం. కొలత గీతలు పొడిగించుకుంటూ పోతే, ముందు నెల బాగా లోతున్న చోట కొత్త మేట కనపడింది. పోయిందనుకున్న దాంట్లో ఎక్కువ భాగం అక్కడే పరుచుకుని ఉంది, దీవి ఎటు పెరగాలో అటే. ఆ మ్యాపు టేబుల్ మీద పెట్టాక నీళ్లపాలు అన్నాయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పటి నుంచీ ఎవరైనా "పోసిన ఇసుకలో ఇంత శాతం పోయింది" అంటే, ఎక్కడిదాకా కొలిచారు అనే ముందు అడుగుతాను.

2019 కల్లా గండి మూసుకుంది, దాదాపు ఏభై ఏళ్ల తర్వాత దీవి మళ్లీ ఒక్కటైంది. మొత్తం ప్రణాళికలో సుమారు కోటీ తొంభై లక్షల ఘనపు గజాల ఇసుక, వందల మిలియన్ల డాలర్లు. చిన్న మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ దీవి వెనక ఉన్న నీళ్లలో ఉప్పు శాతం గండి తెరిచి ఉంటే ఒకలా, మూసి ఉంటే ఒకలా ఉంటుంది, దాని మీద ఆల్చిప్పల పంట ఆధారపడి ఉంటుంది. హరికేన్ అలల మొదటి దెబ్బ కూడా దీవే తింటుంది. ఉప్పెన మొత్తాన్ని ఆపుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, కత్రినా ముందు ఏ ఇసుకదిబ్బా నిలబడదు.

చాలామంది వాదనకి 2010లో లూసియానాలో షాండలూర్ దీవుల ముందు కట్టిన ఇసుక కట్టని ఉదాహరణగా చూపిస్తారు. అది వేరే కథ. బీపీ కంపెనీ బావి నుంచి చమురు సముద్రంలో ఒలికినప్పుడు ఆ నూనెని ఆపుతామని హడావిడిగా పోసిన కట్ట అది, అది ఆపిన నూనె చాలా స్వల్పమని ఆ ప్రమాదంపై వేసిన జాతీయ కమిషనే తర్వాత తేల్చింది. దీవి ఎటు కదులుతుంది, ఏ సైజు ఇసుక కావాలి అని నిదానంగా ఆలోచించి చేసే పనిని దానితో కలిపి తిట్టడం అన్యాయం. రేణువు మరీ సన్నగా ఉంటే మొదటి చలికాలానికే కదిలిపోతుంది, ముతకగా ఉంటే ఆగుతుంది, సగం విషయం అక్కడే ఉంది. రంగు గురించి గొడవపడే టూరిస్టులు కూడా ఉంటారు, బూడిదరంగు ఇసుక ఎండకి తెల్లబడుతుంది, కాస్త ఓపిక పట్టండి.

ఈ పనికి వ్యతిరేకంగా నేను గౌరవించే వాదన ఒకటే, జీవాలది. పీల్చే మూతిలో సముద్రపు తాబేళ్లు పడి చస్తాయి. వాటిని పక్కకి నెట్టే ఇనప పలకలు బిగిస్తారు, ముందు వలలు లాగి దూరంగా వదులుతారు, అయినా కొన్ని చస్తాయి. గండి మూస్తే స్టర్జన్ చేపల దారి ఏమవుతుందన్న భయం కూడా న్యాయమైనదే. వీటి మీద ఎంత ఖర్చు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

డబ్బు గురించే మీ బాధ అయితే, రేవుల కాలువల్లో ఏటా తవ్వుతున్న ఇసుక ఎక్కడ పోస్తున్నారో అడగండి. షిప్ ఐలాండ్ ప్రణాళికలోనే పాస్కగూలా కాలువ ఇసుకని మళ్లీ దీవుల దారిలో పడేలా వేయాలన్న భాగం ఉంది. అది ప్రతి రేవుకీ తప్పనిసరి చేస్తే ఇంత దూరం నుంచి ఇంత ఇసుక మోసుకొచ్చే అవసరం చాలా తగ్గుతుంది. తవ్వే ఓడ ఎలాగూ అక్కడే ఉంటుంది, కాస్త పక్కకెళ్లి పోయడానికి అయ్యే అదనపు ఇంధనం ఖర్చు దీని ముందు ఏపాటిది?